నల్లదూడ మోసుకెళ్ళిన నిప్పు

చుట్టూ కొండలే కోటగోడలుగా ఉన్న కుంభగిరి రాజ్యంలో, ఒకనాటి ఉదయం పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎసరు మరుగుతున్న ఇంట్లో మరుగు ఆగింది. పాలు పొంగబోతున్న ఇంట్లో పొంగు అణిగిపోయింది. రాజుగారి వంటశాలలో వంటవాళ్ళు ఊదుడుగొట్టాలు పట్టుకుని బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదారు. పొగ కూడా రాలేదు. ఉత్తరపు కనుమ మీదుగా ఒక చల్లటి గాలి వచ్చి, ఊళ్ళన్నిటినీ తడుముకుంటూ మళ్ళీ కనుమ వైపే పోయింది. అది తాకిన నిప్పల్లా చచ్చిపోయింది. చెకుముకిరాయి కొడితే రవ్వ పుట్టేది కానీ, దూది మీద పడేలోపే నల్లబడేది.

ఆ గాలి ఎవరిదో పెద్దవాళ్ళకు తెలుసు. కనుమకు అవతల, పాడుబడిన బొగ్గుగనిలో హిమజిహ్వ అనే రక్కసి ఉంటుందనీ, ఆమె ఊపిరి పీలిస్తే రాజ్యంలోని వేడంతా ఆమె వైపు పోతుందనీ చెప్పుకునేవారు. మణికంధర మహారాజు వెంటనే సైన్యాన్ని పంపాడు. కనుమ మొదట్లోనే గుర్రాల కాళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. సైనికులు తమ కంబళ్ళు వాటికి కప్పి, బుజ్జగించుకుంటూ వెనక్కి నడిపించుకొచ్చారు.

అప్పటికి రాజ్యం మొత్తంలో బతికి ఉన్న నిప్పు ఒక్కటే. అది కమ్మరి కొండాచారి ఇంట్లో ఉంది.

కొండాచారి తన చేతులతో ఒక చిన్న ఆవిరి ఇంజను చేశాడు. అది దూడంత ఉంటుంది. దాని వెనక బొగ్గూ నీళ్ళూ పట్టే తొట్టి. ఆ తొట్టి మీద కాళ్ళు చెరోవైపు వేసుకుని కూర్చుని నడపాలి. గని పనిచేసే రోజుల్లో వేసిన జానెడు వెడల్పు పట్టాలు కొలిమి దగ్గరనుంచి కనుమ దాటి గనిదాకా ఉన్నాయి. గని మూతపడ్డాక, కనుమ కింద మిగిలిన బొగ్గుదిబ్బదాకా వెళ్ళి బొగ్గు తేవడం చిన్న కూతురు చెంగల్వ పని. ఇంజనుకు నల్లదూడ అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. చల్లగాలి వీచినప్పుడు నల్లదూడ పొయ్యికి ఇనుప తలుపు మూసి ఉంది. అందువల్ల దాని కడుపులో నిప్పు దక్కింది. పట్టకారుతో ఒక కణిక తీసి బయట పెడితే మాత్రం చూస్తుండగానే ఆరిపోయేది.

ఆ మర్నాటి ఉదయమే చెంగల్వ అక్క వరాలు ఆడపిల్లను కన్నది. పురిటిమంచం కొలిమిలోకే తెచ్చి నల్లదూడ పక్కన వేశారు. బాయిలరు నీళ్ళే బిడ్డకు స్నానానికి పోశారు. అయినా కొలిమి గోడల మీద మంచు పేరుకుంటూనే ఉంది.

"గోళ్ళు నీలం తిరుగుతున్నాయి. ఒంటికి ఇంకా వేడి తగలాలి. తల్లికి వేడి ముద్ద పడాలి" అంది మంత్రసాని.

కొండాచారి బొగ్గుతొట్టిలోకి చూశాడు. "దిబ్బ దగ్గర మంచు గడ్డకట్టి గునపం దిగడంలేదు. ఈ ఉన్నది సాయంత్రందాకా వస్తే గొప్పే."

"అయితే ఉన్నప్పుడే బయల్దేరాలి నాన్నా" అంది చెంగల్వ. "కనుమలో గుర్రాలు నిలబడలేకపోయాయి. ఒళ్ళో నిప్పుంటే నేను నిలబడతాను. ఆ రక్కసిని కలిసి అడుగుతాను."

"అడిగితే ఇచ్చేదైతే లాక్కుపోతుందా? పోనీ నేను వెళ్తానంటే నా బరువుకి ఇది ఎత్తు ఎక్కలేదు" అన్నాడు కొండాచారి. "దీన్ని తీసుకుపోతే, ఇక్కడ బిడ్డకి ఈ కాస్త వెచ్చదనమూ ఉండదు."

ఇద్దరూ వరాలు వైపు చూశారు. ఆమె బిడ్డను రవికెలోపలికి, గుండెకు ఆనించుకుని పడుకుని ఉంది.

"నా వైపు చూస్తారేం?" అంది వరాలు. "సాయంత్రందాకా కాపాడి ఆ తర్వాత ఏడవమంటారా? నా ఒంట్లో ఉన్న వేడి దీనికి ఇస్తాను. నువ్వు వెళ్ళవే చెంగీ. దారిలో దిక్కులు చూడకు."

చెంగల్వ ఇరుసులకు ఆముదం పోసింది. సిలిండర్ల కింది కుళాయిలు తెరిచి, లోపల పేరుకున్న నీళ్ళు చిమ్మించింది. ఆవిరి పిడిని నెమ్మదిగా, పాలగిన్నె వంచినట్టు కదిపింది. నల్లదూడ ఒకసారి దగ్గి, పొగగొట్టంలోంచి బుస్సుమని, పట్టాల మీద కదిలింది.

అడవిలో చెట్లన్నీ తెల్లగా బిగిసి ఉన్నాయి. చెంగల్వ చిన్నపారతో గుప్పెడు బొగ్గు తీసి, ఎర్రగా ఉన్నచోట కాకుండా సన్నగిల్లిన చోట చల్లేది. తలుపు మూసేది. పొగ నల్లగా వచ్చి, తెల్లబడి, కనబడకుండా పోయాక మళ్ళీ గుప్పెడు. తొందరపడి పార నిండా వేస్తే మంట మూర్ఛపోతుంది.

మొదటి ఎత్తు దగ్గర చక్రాలు జారడం మొదలుపెట్టాయి. పట్టాల మీద మంచు నూనెలా ఉంది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఇంజను మాత్రం ఉన్నచోటే ఉంది. పక్కనే ఆరిపోయిన హోమగుండం ముందు ఒక ముని దుప్పటి ముసుగేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన గడ్డం చివర మంచుముక్కలు వేలాడుతున్నాయి.

"ఎవరే అమ్మాయ్, తపస్సు చేసుకునేచోట ఈ బరబరలేమిటి?"

"క్షమించండి స్వామీ. చక్రాలు పట్టడం లేదు. కాస్త ఇసుకుంటే బాగుండును. ఇక్కడ ఇసుక కూడా గడ్డకట్టింది."

"ఇసుక లేదు. బూడిద బోలెడుంది. నిన్నటినుంచి దాన్నే చూస్తూ కూర్చున్నా" అంటూ ముని లేచి, కమండలం నిండా హోమగుండం బూడిద ముంచుకొచ్చి పట్టాల మీద చల్లడం మొదలుపెట్టాడు. చక్రాలు కరుచుకున్నాయి. ముని ముందు నడుస్తూ చల్లుతుంటే నల్లదూడ వెనక ఎక్కింది. ఎత్తు అయ్యేసరికి ఆయనకు చెమట పట్టింది.

"హమ్మయ్య, వేడెక్కాను" అని నవ్వాడు ముని. "ఒక్క మాట విను. హిమజిహ్వను నేను చూశాను. కోపంతో చేసే పని కాదది. చలికి వణికిపోతూ చేస్తోంది. కత్తి పట్టుకొచ్చినవాళ్ళని చూస్తే ఇంకా బిగుసుకుపోతుంది."

చెంగల్వ దణ్ణం పెట్టి ముందుకు సాగింది. కొంతదూరం పోయేసరికి తొట్టిలో నీళ్ళు అడుగంటాయి. పట్టాల పక్కన వాగు పైనంతా అద్దంలా గడ్డకట్టి ఉంది. చెంగల్వ కుళాయి తిప్పి వాగు వైపు ఆవిరి చిమ్మించింది. మంచు కరిగి, గుంతపడి, అందులోంచి బండిచక్రమంత తాబేలు తల పైకెత్తింది.

"నా ఇంటికప్పు కరిగించిందెవరు?" అంది తాబేలు మనిషి గొంతుతో.

"నేనే తాబేలు తాతా. మా దూడకు దాహం."

"చూడబోతే ఇంత లేదు, ఎంత తాగుతుందేం?"

"మా బాలింత అక్కకన్నా ఎక్కువే తాగుతుంది."

తాబేలు బుర్ర ఊపింది. "సరే తోడుకో. ఆ వెచ్చటి పొగ మాత్రం ఇంకాసేపు నా వీపు మీద ఆడించు. ఎముకలు సలుపుతున్నాయి."

ఆవిరి వదిలితే ఒత్తిడి తగ్గుతుంది. పెరిగేదాకా ఆగాలి. ఇంట్లో బిడ్డ గోళ్ళు చెంగల్వ కళ్ళముందు కదిలాయి. అయినా అడిగినట్టే తాబేలు వీపు మీద ఆవిరి పట్టి, కొంగులో వడగట్టి నీళ్ళు నింపుకుంది. తాబేలు సుఖంగా కళ్ళు మూసుకుని నీళ్ళలోకి జారిపోయింది.

ఇక కనుమ. దారి నిటారుగా ఉంది. నల్లదూడ అంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. ముక్కు ఆకాశం వైపు పెట్టి, ఒక్కొక్క బుస్సుకీ ఒక్కొక్క అడుగు వేస్తూ ఎక్కుతోంది. ఒత్తిడి ముల్లు కొంచెం తగ్గినా ఆగిపోయేట్టుంది. ఆ సమయంలో బాయిలర్లోకి చల్లటి నీళ్ళు పంపు కొడితే ముల్లు ఇంకా పడిపోతుంది. చెంగల్వ బాయిలరు వెనక, నీటిమట్టం చూపే గాజుగొట్టంలోకి చూసింది. నీళ్ళు సగానికి పైనే కనబడుతున్నాయి. "బోలెడున్నాయి, పైకెళ్ళాక కొట్టొచ్చు" అనుకుని పంపు ముట్టుకోలేదు. తొట్టిలో మిగిలిన బొగ్గంతా ఊడ్చి పొయ్యిలో పరిచింది.

శిఖరం మీద పట్టాలు చదునయ్యాయి. నల్లదూడ ముక్కు దించింది. గాజుగొట్టంలో నీళ్ళు సర్రున దిగి, మాయమైపోయాయి.

చెంగల్వకు అప్పుడు అర్థమైంది. ముక్కు పైకెత్తినంతసేపూ నీళ్ళన్నీ వెనక్కి, గాజుగొట్టం వైపుకి జారి ఉన్నాయి. అవి సగం కాదు, ఎప్పుడో అడుగంటాయి. నీళ్ళు తప్పుకున్న రేకు కింద నిప్పు మండుతోంది. ఇప్పుడు పంపు కొట్టినా, కాలిన రేకు మీద చల్లటి నీళ్ళు పడి ప్రమాదమే. అలాగే వదిలేస్తే బాయిలరు పేలిపోతుంది. చేయగలిగింది ఒక్కటే. పొయ్యి అడుగు పలకను ఆపి ఉంచే మేకు లాగి నిప్పంతా కింద పడెయ్యాలి.

ఆ నిప్పు రాజ్యంలో ఆఖరిది.

ఈ మంచు మీద పడేస్తే అది చుయ్యిమని చస్తుంది. ఎదురుగా, కొద్దిపాటి వాలులో, రాజ్యపు వేడంతా చేరే గని నోరు నల్లగా తెరుచుకుని ఉంది. చెంగల్వ పొయ్యికి గాలి అందించే తలుపు మూసి, ఆవిరి కట్టేసి, నల్లదూడను దొర్లనిచ్చింది. పళ్ళు బిగబట్టి కూర్చుంది. చక్రాలు గని గడప దాటాయో లేదో, ఇంజను ఆపి మేకు లాగేసింది. ఎర్రటి నిప్పులు రాతినేల మీద జలజల రాలాయి.

"వచ్చిందీ! నిప్పొచ్చింది!" అని గని లోపల్నుంచి పెద్ద కేక వినిపించింది.

కొండంత మనిషి. తెల్లటి జుట్టు నిండా మంచుకడ్డీలు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. హిమజిహ్వ రెండు చేతులా మోపెడు దుంగలూ దోసెడు బొగ్గూ ఎత్తుకుని, నిప్పుల మీద కుమ్మరించబోయింది.

"ఆగవ్వా! చంపేస్తావు దాన్ని!" చెంగల్వ భయం మరిచి అడ్డంపడింది.

రక్కసి చేతులు గాలిలో ఆగాయి. "నేనా? నేను తిండి పెడుతున్నానే! మీ ఊళ్ళనుంచి ఎంత నిప్పు పీల్చుకొచ్చినా ఇలాగే చచ్చిపోతోంది. చచ్చు నిప్పులు పెట్టుకున్నారు మీరు!"

"ఒక్కసారికి ఎంత పెడుతున్నావు?"

"ఉన్నదంతా. ఆకలిగా ఉంటే తినదూ?"

"పురిటిబిడ్డ నోట్లో ముద్ద కుక్కుతామా అవ్వా? ఆ బరువు కింద దానికి ఊపిరెక్కడాడుతుంది? దుంగలు కింద పడెయ్. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో."

ఇంతవరకు ఆమెతో ఎవరూ అలా మాట్లాడలేదు కాబోలు, హిమజిహ్వ చేతులు తొడల కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. చెంగల్వ నిప్పులు దగ్గరికి తోసి, సన్నటి పుల్లలు ఆనించింది. అవి అంటుకున్నాక పిడికెడు బొగ్గు.

"ఇంకొంచెం వెయ్యవే" అని బతిమాలింది రక్కసి.

"పొగ తెల్లబడనీ."

"తెల్లబడింది!"

"కనబడకుండా పోనీ."

కాసేపటికి మంట నిలబడింది. రక్కసి జుట్టులోని మంచుకడ్డీలు ఒక్కొక్కటే కారిపోయాయి. పళ్ళు కొట్టుకోవడం ఆగింది. ఆమె తన అరచేతులు చూసుకుంటూ, "ఇదా వెచ్చదనమంటే!" అంది.

"అవ్వా, మా అక్క బాలింత. పసిపిల్ల చలికి నీలంగా అయిపోతోంది. పీల్చిన ఊపిరి వదిలెయ్."

రక్కసి మొహం ముడుచుకుంది. "వదిలితే నా నిప్పు కూడా పోతే? నువ్విక్కడే ఉండిపో. దీన్ని చూసుకుంటూ ఉండు. అప్పుడు వదులుతా."

చెంగల్వ ఆమె చేతిలో పార పెట్టింది. ఆ చేతిలో అది చెంచాలా ఉంది. "నేను బయట నిలబడతాను. నువ్వే వెయ్యి. ఆరిపోతే ఇక్కడే ఉండిపోతాను."

చెంగల్వ నిజంగానే గని బయటికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది. చలి సూదుల్లా గుచ్చింది. ఇంటివైపు కొండలోయ అంతా తెల్లగా, పొగ జాడ లేకుండా ఉంది. లోపల ఒకసారి పార గీసిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. రక్కసి ఆత్రంతో మూలుగుతోంది. మళ్ళీ ఒకసారి పార గీసిన చప్పుడు.

"పిల్లా! చూడు చూడు! నేనే పెట్టాను, తింటోంది!"

ఆ సంతోషంలో హిమజిహ్వ రొమ్ము నిండా బిగబట్టిన ఊపిరి తనంతట తనే బయటికి వచ్చేసింది. వెచ్చటి గాలి చెంగల్వ జడను ఎగరేసి, కనుమ దిగి, లోయలోకి ప్రవహించింది. దూరాన ఒక చెట్టు కొమ్మల మీది మంచు దబ్బున రాలింది. గనిలో మంట మాత్రం చెక్కుచెదరలేదు.

నల్లదూడ బాయిలరు చల్లారేదాకా ఆగారు. చెంగల్వ రేకులన్నీ తడిమి చూసింది. ఎక్కడా వంగలేదు, చిట్లలేదు. కరిగిన మంచు వడగట్టి పోసి, గాజుగొట్టంలో నీళ్ళు సగం దాటాక, రక్కసి పొయ్యిలోంచే నిప్పు అడిగి తీసుకుంది. రక్కసి పొగగొట్టం మీద పెదాలు ఆనించి, నేర్పినట్టుగా సన్నగా పీల్చింది. పొయ్యిలో మంట గుర్రుమని లేచింది. ముల్లు మెల్లగా ఎక్కింది. ఆవిరి ఎక్కువై, మీది మూత కీచుమని ఎగిరితే హిమజిహ్వ అదిరిపడి గోడకి అతుక్కుంది.

"భయపడకు. కడుపు నిండితే అలాగే త్రేనుస్తుంది" అంది చెంగల్వ.

తిరుగుదారి వాలులో చెంగల్వ గాజుగొట్టాన్ని నమ్మలేదు. చదును వచ్చినచోటల్లా ఆగి, నీళ్ళు చూసుకుని, పంపు కొట్టుకుని మరీ దిగింది. అడవి అంచు దాటాక ఒక్కొక్క ఇంటి మీదా పొగ కనబడింది. తమ కొలిమి మీద పొగ ఉందో లేదో చూడటానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు. తల దించుకుని పొయ్యిలోకే చూస్తూ ఇంటిదాకా వచ్చింది.

కొలిమి గుమ్మంలో కొండాచారితోపాటు మహారాజే నిలబడి ఉన్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. చెంగల్వకు ఆయన మాటలేవీ చెవికెక్కలేదు. "పాప?" అంది.

లోపల్నుంచి వరాలు గొంతు వినబడింది. "ముందు ఆ మొహం కడుక్కుని రావే! ఇంత మసితో పిల్లనెత్తుకుంటావా?"

మహారాజు నవ్వి పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన కనుమసీమనంతటినీ చెంగల్వ ఏలుబడిలో పెట్టాడు. ఆమె గని మళ్ళీ తెరిపించింది. బొగ్గు తవ్విపెట్టే పని రక్కసిది, ఊరూరికీ చేర్చే పని నల్లదూడది అయింది.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ పూట చెంగల్వ నలుగుపిండితో రుద్ది రుద్ది మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. బిడ్డను ఒళ్ళో వేశారు. గోళ్ళు గులాబిరంగులో ఉన్నాయి. వరాలు మిరియాల చారు కలుపుకున్న వేడన్నం తింటుంటే నుదుట చెమట పట్టింది. బయట సందెవెలుగులో ఊరంతా పొగలు లేచి కలిసిపోతున్నాయి. కుంభగిరిలో ఆ పూట అన్నం ఉడకని ఇల్లు లేదు.