గ్లౌజుల రాణి

నాకు కావలసింది నిద్ర. ప్రేమ కాదు, పండగ కాదు, లడ్డూ అసలే కాదు.

పదకొండు రోజులు వరసగా బండి నడిపాక, కాశీబుగ్గ దగ్గర హైవే మీద నా లారీ గేరు బాక్సు పోయింది. షెడ్డు మేస్త్రి బండి కింద దూరి చూసి, తీరిగ్గా బయటికొచ్చి, "అయిదు రోజులు పడతాది బాబూ. సామాను వైజాగు నుంచి రావాల" అన్నాడు. మామూలుగా అయితే గొడవ పడేవాణ్ని. ఆ రోజు గొడవ పడే ఓపిక కూడా లేదు. మాది సాలూరు. అక్కడికి బస్సెక్కి వెళ్లి మళ్లీ రావడం కన్నా ఇక్కడే పడి నిద్రపోవడం మేలనిపించింది. షెడ్డు ఎదురింట్లో ఒక గది ఉందన్నారు. వెళ్లాను, మంచం మీద పడ్డాను. చెప్పులు విప్పానో లేదో కూడా గుర్తులేదు.

గోడ అవతల ఎవరో రాళ్లు పిండి చేస్తున్నట్టు చప్పుడొచ్చి మెలకువ వచ్చింది. తలుపు తీసి చూస్తే వరండాలో మిక్సీ. దాని ముందు ఒక అమ్మాయి. నైటీ మీద తువ్వాలు, చేతులకి ఆపరేషన్ చేసే డాక్టర్లు వేసుకునే నీలం గ్లౌజులు.

"మనుషులు పడుకోవద్దా ఇక్కడ?" అన్నాను.

ఆమె మిక్సీ ఆపి నన్ను కిందా మీదా చూసింది. "సాయంత్రం అయిదవుతన్నాది. మనుషులు లేసే టైము."

"నాను లారీ డ్రైవర్ని. మాకు టైముండదు."

"లారీయా? రోజంతా ఆ హారన్ మోతలో తిరిగేవోడికి మిక్సీ సౌండేటి సేస్తాది?" అని మళ్లీ స్విచ్చి వేసింది.

అదీ మా మొదటి పరిచయం. వాన లేదు, పూలు లేవు. బాదం పప్పు పిండవుతున్న మోత ఒక్కటే ఉంది.

ఇల్లు పద్మకుమారి టీచరమ్మది. రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఏటా క్రిస్మస్‌కి వాళ్ల చర్చిలో ఇంటికో పొట్లం పంచడానికి లడ్డూలు ఆవిడే చేస్తుంది. "పొయ్యి దగ్గర నిలబడే ఓపిక నాకెక్కడిది నాయనా. అందుకే పొయ్యి లేని లడ్డూ కనిపెట్టుకున్నాను" అంది. జీడిపప్పు, బాదం డాబా మీద ఎండలో కరకరలాడేదాకా పెట్టి మిక్సీ పట్టాలి. గింజ తీసిన ఖర్జూరం, అంజీరు, కిస్‌మిస్ రోట్లో మెత్తగా దంచాలి. ఏలకుల పొడి కలిపి ఉండ చుట్టాలి. నెయ్యి చుక్క, అంతే. పంచదార లేదు, పాకం లేదు, మాడుతుందన్న భయం లేదు. పన్నెండు వందల లడ్డూలు కావాలట.

"ఊరికే పడుకుంటే ఒళ్లు బరువెక్కుతుంది. ఈ ఖర్జూరాలు గింజలు తీసిపెట్టు" అని ఒక పళ్లెం నా ఒళ్లో పెట్టింది. ఊరికే పడుకుందామనే కదమ్మా వచ్చింది అనబోయాను. టీచర్ల ముఖం చూస్తే నోరు పడిపోవడం నాకు ఒకటో తరగతి నుంచీ ఉన్న జబ్బు.

"నానూ ఉండలు సుడతాను" అన్నాను మరుసటి రోజు.

రాణి, అదే ఆ అమ్మాయి పేరు, నా గోళ్లకేసి చూసింది. గోళ్ల కింద, వేళ్ల గీతల్లో పదేళ్ల గ్రీజు. సబ్బుకి, కిరసనాయిలుకి, దేనికీ పోదు.

"ఆ సేతుల్తోనా? జనం పండగ సేసుకోవద్దా?"

"నీలాగ గ్లౌజులు ఇప్పించు. డాక్టరమ్మవి కదా."

"నోరు మూసుకుని గింజలు తియ్యి."

"సరేనమ్మా, గ్లౌజుల రాణీ."

నవ్వాపుకుంటూ తల తిప్పేసుకుంది. నేను మటుకు చూసేశాను.

రోజూ నాలుగున్నరకి టీచరమ్మకి సాయానికి వచ్చేది. వచ్చేసరికి కళ్లు సగం మూసుకుపోయి ఉండేవి. ఎక్కడ పని అంటే "మిల్లు" అనేది. పక్కనున్న పలాసలో మిల్లులకేం కొదవ, నేను ఇంక అడగలేదు. ఇద్దరం ఆవలింతలు పంచుకుంటూ పని చేశాం. ఆమె ఆవలిస్తే నాకొచ్చేది. నాకొస్తే ఆమెకి. "ఒరే లారీ, నువ్వు ఆపితే నానూ ఆపుతాను" అనేది. మూడో రోజుకి నాకొక సంగతి అర్థమైంది. మధ్యాహ్నం మంచం ఖాళీగా ఉన్నా నేను పడుకోవడం లేదు. నాలుగున్నర ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నాను. పదకొండు రోజుల నిద్ర బాకీ ఉన్న మనిషి చేసే పనేనా ఇది?

ఆ సాయంత్రమే నా నోటి దురద బయటపడింది.

చర్చి నుంచి పొట్లాల పంపకం చూసే గురమ్మగారు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లడ్డూలు చూడ్డానికి వచ్చారు. గురమ్మగారు డబ్బాలోంచి ఒకటి తీసింది. నోటి దాకా వెళ్లకుండానే అది రెండు ముక్కలై ఒళ్లో పడింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే.

"టీచరమ్మా, ఇవి పండగ దాకా ఆగుతాయా?"

టీచరమ్మ డబ్బా మూత పెట్టేసింది. రాణి తల దించుకుంది. కారణం నాకు తెలుసు, రోజూ చూస్తున్నాను కదా. ఖర్జూరానికి అరచేతి వేడి తగలాలి. అప్పుడే మెత్తబడి పప్పుని పట్టుకుంటుంది. రబ్బరు గ్లౌజుకైతే ముద్ద అంటుకుపోయి పైపొర ఊడొస్తుంది, ఉండ పగుళ్లిస్తుంది.

"ఆ గ్లౌజులు తీసి సుడితే సరిపోతాది. ఏటంత నాజూకు? సేతులు అరిగిపోతాయా?" అన్నాను అందరి ముందూ, గొప్ప సలహా ఇచ్చినవాడిలా.

రాణి లేచింది. గ్లౌజులతోనే చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వెళ్లిపోయింది.

వచ్చినవాళ్లు వెళ్లాక టీచరమ్మ నన్ను కూర్చోబెట్టింది. "తీసి చుట్టమని నాకు చెప్పడం రాక కాదు హరిబాబూ. రాణి జీడిపిక్కలు కోసే పనిలో ఉంది. పిక్క తొక్కలోంచి కారే నూనె ఒళ్లు కాలుస్తుంది, నల్లగా పట్టేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా వేళ్లు బొగ్గులే. ఆ చేతులు చూసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఒక పెళ్లికొడుకు తల్లి అందట, ఈ చేత్తో వడ్డిస్తే అన్నం ఎలా తింటామని. ఇంకో మూడు రోజుల్లో మూడోవాళ్లు చూడ్డానికొస్తున్నారు."

నా మీద నాకే అసహ్యం వేసింది. గ్రీజు చేతులవాణ్ని, నేను కదా ఆ మాట అన్నది. పైగా మూడో సంబంధం సంగతి వినగానే, తీసిన గింజల్నే మళ్లీ ఖర్జూరాల్లో కలిపేశాను. అదెందుకో తెలియనంత చిన్నపిల్లవాణ్ని కాను.

మర్నాడు రాదనుకున్నాను. వచ్చింది. నాతో మాట్లాడలేదు. అయిదింటికి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. డాబా మీద పప్పు ఆరబోసి ఉంది. ఇద్దరం ఒకేసారి మెట్లెక్కాం. దుప్పటి చెరో వైపు పట్టుకుని మెట్ల గదిలోకి లాగాం. ఆ లాగడంలో ఆమె కుడి గ్లౌజు చిరిగి ఊడిపోయింది. చెయ్యి చప్పున వెనక్కి దాచుకుంది.

"రాణీ, నిన్న నానన్నది తప్పు. తెల్దు నాకు. తెలీక అన్నానంటే కూడా తప్పే. సారీ."

బయట వాన సన్నగా పడుతోంది. ఆమె మెట్టు మీద కూలబడింది. కోపం తెచ్చుకునే శక్తి కూడా లేనట్టుంది. ఎడమ గ్లౌజు కూడా తీసేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. వేలి కొసలు నల్లగా ఉన్నాయి, అక్కడక్కడా తోలు ఊడి గులాబి రంగు కనిపిస్తోంది.

"సూడు. బాగా సూడు. అలిసిపోనాను నాను, దాసలేక. బస్సులో టిక్కెట్టు తీసుకోడానికి సెయ్యి సాపితే కూడా కండక్టరు సేతులే సూస్తాడు."

నేను పక్క మెట్టు మీద కూర్చుని నా చేతులు ఆమె చేతుల పక్కన పెట్టాను. కాసేపు నాలుగు చేతుల్నీ చూసింది.

"నీదే ఎక్కువ నలుపు" అంది.

"మరేటనుకున్నావు? పదేళ్ల సర్వీసు."

నవ్వింది. కళ్లలో నీళ్లతోనే నవ్వింది. ఆ క్షణంలో చెప్పెయ్యాల్సింది. ఒడిశా ఘాట్ రోడ్లో లోడు బండి దింపినవాణ్ని, ఒక్క మాట నోట్లోంచి దింపలేకపోయాను. "టీ తాగుతావా?" అన్నాను. చూడండి నా తెలివి.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ కొత్త గ్లౌజులే తొడుక్కుంది.

మరుసటి రోజు మధ్యాహ్నానికి లారీ తయారైంది. మేస్త్రి తాళం చేతికిచ్చి "బేగి ఎల్లిపో, చీకటి పడకముందే సాలూరు సేరతావు" అన్నాడు. సంచి తీసుకుందామని ఇంట్లోకి వెళ్లాను. రాణి మిల్లుకి సెలవు పెట్టి, నేను షెడ్డులో ఉండగానే వచ్చేసినట్టుంది. వరండాలో కూర్చుని ఉంది. పక్కన నడివయసు ఆవిడ, చేతిలో గిన్నె. చేపల వాసన, గోరింటాకు వాసన కలిసి వస్తున్నాయి. ఆవిడ రాణి తల్లి అసిరమ్మ, రేపటి పెళ్లిచూపులకి కూతుర్ని తీసుకెళ్లడానికి సొంతూరు భావనపాడు నుంచి వచ్చింది.

"సెయ్యి ఇటివ్వే. నిండా పెట్టేత్తాను. ఎర్రగా పండితే ఆ నలుపు ఎవులికీ కనపడదు" అంటోంది.

"ఇంకా రెండొందల లడ్డూలున్నాయమ్మా."

"నీ పెళ్లి ముఖ్యమా, వాళ్ల లడ్డూలు ముఖ్యమా? గరివిడి ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగం ఆ గుంటడికి."

రాణి చాలా నెమ్మదిగా అంది. "గోరింటాకు మూడు వారాలుంటాది. తర్వాత ఏటి సెయ్యాల?"

"పెళ్లయిపోయాక ఏటంటే ఏటి?"

"మళ్లీ పెట్టుకోవాల. అది పోతే మళ్లీ. ముసిలిదాన్నయ్యేదాకా గిన్నె పట్టుకునే తిరగాల. నా వల్ల కాదమ్మా."

అని గ్లౌజులు తీసింది. ఒకదానిలో ఒకటి దూర్చి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి, నెయ్యి రాసుకుని, తల్లి ముందు, టీచరమ్మ ముందు, అప్పుడే డబ్బాల కోసం గేటు తీసుకుని వచ్చిన గురమ్మగారి ముందు, ముద్ద తీసుకుని చుట్టింది. గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ వచ్చింది. గురమ్మగారు ఆ చేతుల్ని చూసింది. ఆవిడ వంగి ఆ లడ్డూ తీసుకుని నోట్లో వేసుకుంది. "ఇది గట్టిగుంది. ఇలాగే కానియ్యమ్మా" అని డబ్బా దగ్గరికి జరిపింది.

తాళం నా జేబులో ఉంది. బండి గేటు ముందుంది. ఇప్పుడు చెప్పకపోతే రేపు గరివిడి వాడు ఆ చేతులు చూసి వద్దంటాడు, లేదా సరే అంటాడు. రెండూ నేను తట్టుకోలేను.

పిన్నీ అనబోయి నాలుక కరుచుకున్నాను. పిన్ని అంటే రాణి నాకు చెల్లెలైపోతుంది.

"అత్తా" అన్నాను.

అసిరమ్మ గిన్నె కింద పెట్టింది. చేపలమ్మే మనిషి, ఎదుటివాడు ఏ ధరకొస్తాడో నోరు తెరవకముందే తెలిసిపోతుంది. "ఎవుడివి నువ్వు? అత్తేటి?"

"హరిబాబు. సాలూరు. రాణంటే నాకు ఇష్టం. ఆ సేతుల్తో సహా ఇష్టం. ఆ గోరింటాకు పెట్టకండి."

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. రాణి తల ఎత్తలేదు. చేతిలో ఉండ మాత్రం తిరుగుతూనే ఉంది, అవసరం లేకపోయినా.

"ఏటోళ్లు మీరు?"

"లారీవోళ్లం."

"కులం అడిగితే బండి సెప్తాడేటి?" అని అసిరమ్మ కూతురివైపు తిరిగింది. "ఏటే, నీకు ముందే తెలుసా?"

"తెల్దు. టీ తాగుతావా అన్నాడు, అంతే" అంది రాణి. "అయినా తెలుసు."

అసిరమ్మ కింద పెట్టిన గిన్నెని వేలితో తిప్పింది. రెండు సంబంధాలు పోగొట్టుకున్న తల్లి అలసట ఆ ముఖంలో కనిపించింది. చివరికి "మీ అమ్మకి ఫోన్ కలుపు" అంది. కలిపాను. మా అమ్మ జగ్గమ్మ గొంతు వరండా అంతా వినిపించింది. ఈవిడ గొంతు అంతకన్నా పెద్దది. సంగతి చెప్పింది. కూతురి చేతుల సంగతి కూడా దాచకుండా చెప్పింది. మా అమ్మ "మావోడి సేతులు సూసారేటి ముందు?" అంది.

అసిరమ్మ నా చెయ్యి లాక్కుని చూసింది. తిప్పి కూడా చూసింది. "ఇది కడిగినా పోదు" అంది ఫోన్లోకి.

"ముప్పై ఏళ్లబట్టీ వాళ్ల నాన్నదీ పోలేదమ్మా. అన్నం తింటన్నాం కదా" అంది మా అమ్మ.

గరివిడి వాళ్లని రావద్దని ఫోన్ చేస్తానంది అసిరమ్మ. పండగ మర్నాడు మా అమ్మా నాన్నల్ని తీసుకుని భావనపాడు రమ్మంది. "వచ్చాక మాటాడతాను. ఇప్పుడే ఔనన్లేదు" అని రెండుసార్లు చెప్పింది. అని, గిన్నె తీసుకుని నా ముందు కూర్చుంది.

"సెయ్యి సాపు. నూరిన గోరింటాకు పారబోయకూడదు."

"నాకా? బండి నడపాల అత్తా."

"రేపు నడుపుదువు. పండిందా లేదా సూసి మరీ పంపుతాను."

రెండు చేతులకీ, పది వేళ్లకీ, గ్రీజు గోళ్ల మీద నిండా పెట్టేసింది. గురమ్మగారు నవ్వు ఆపుకోలేక డబ్బాలు పట్టుకుని వెళ్లిపోయింది. నేను గోడకి చేరగిలబడి, చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నాను. గేరు లేదు, స్టీరింగు లేదు, ఖర్జూరం గింజలు కూడా లేవు. రాణి ఒక లడ్డూ తెచ్చి నా నోట్లో పెట్టింది. ఆ వేలు నా పెదవికి తగిలింది. ఏలకుల వాసన, దాని వెనక సన్నగా జీడి వగరు.

"బాగున్నాదా?"

నోరు నిండుగా ఉండి తల ఊపాను. అంతే గుర్తుంది. కూర్చున్నచోటే నిద్ర పట్టేసింది. పదకొండు రోజుల నిద్ర, ఆ పైన ఈ అయిదు రోజులది.

ఎవరో చెయ్యి తడిపి తుడుస్తుంటే మెలకువ వచ్చింది. పొద్దు వాలుతోంది. డబ్బాలన్నీ నిండి మూతలు పెట్టి ఉన్నాయి. రాణి నా అరచెయ్యి తన నల్లటి వేళ్లతో పట్టుకుని, ఎండిన గోరింటాకు గీకి తీసి, వెలుగుకి తిప్పి చూస్తోంది.

"ఎర్రగానే పండింది" అంది.

"నలుపు పోయిందా?"

"నేదు. అలగే ఉన్నాది" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. "ఉండనీ."