బరువు తగ్గని పెట్టె

ఆదివారం పొద్దున టీ పెట్టబోతే చక్కెర డబ్బా మళ్లీ ఖాళీ. కొత్త కోడలు డబ్బాను తలకిందులు చేసి, అడుగున చెంచాతో గీకి, రాలిన నాలుగు పలుకులూ నాలుగు కప్పుల్లో వేసింది. మొదటి గుక్క తాగగానే భర్త మొహం ముడుచుకుంది.

"మొన్ననేగా తెచ్చాను! నిజం చెప్పు, చాటుగా బుక్కుతున్నావా?"

"నేనా? పెళ్లికి కుట్టించుకున్న జాకెట్లు ఇంకా వదులుగానే ఉన్నాయి బాబూ. కావాలంటే కొలుచుకో."

"పోనీలేరా, చిన్నపిల్ల. నోరు తీపి కోరుతుంది. ఏమీ అనకు," అంది అత్తగారు పొయ్యి గట్టు తుడుస్తూ.

వెనకేసుకొచ్చినట్టే ఉంది గానీ, నేరం మాత్రం కోడలి నెత్తిమీదే ఉండిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది. చలికాలం మొదట్లో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. కిటికీ అద్దాలకు పట్టిన ఆవిరి మీద వేలితో బొమ్మలు గీయడం, నిద్ర మొహంతో మొగుడు వేసుకునే జతకాని మేజోళ్లు, మెట్లలో ఒకటి మాత్రమే కిర్రుమనడం. చక్కెర ఎటు పోతోందో తెలియకపోవడం కూడా అలాంటి ముచ్చటే. పెళ్లికి స్నేహితురాలు ఇచ్చిన గాజు పళ్లెం, అడుగున ఆకుల అచ్చు ఉన్నది, అది కూడా కొన్నాళ్లుగా కనపడటం లేదు. ఇంట్లో ఎలుక ఉందేమో, దానికి పళ్లెంలో వడ్డించుకుని తినే మర్యాద కూడా తెలుసేమో అని భర్తతో అంది.

ఆమెకు ముచ్చటగా లేనిది ఒక్కటే. మామగారు ఆ చప్పటి టీని మారు మాట్లాడకుండా తాగేశారు. ఆయన చూపు కిటికీలోంచి పెరట్లో గోడ పక్కనున్న రెండు చెక్క పెట్టెల మీద ఉంది.

"మధ్యాహ్నం తోటాయన బండి తెస్తానన్నాడు," అంది అత్తగారు, ఎవరితోనో తెలియకుండా. "రెండు పెట్టెలూ ఆయన తోటకి ఎత్తించేద్దాం."

"ఊఁ," అన్నారు మామగారు.

అవి తేనెటీగల పెట్టెలు. పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటరు దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న కాపురం అది. "ఈయన చిన్నిల్లు ఎక్కడో లేదమ్మాయ్, పెరట్లోనే ఉంది," అని అత్తగారు కోడలికి మొదటి రోజే చూపించింది. అయితే అప్పటికే ఆ కాపురం కూలింది. చలి మొదలవక ముందు ఒక ఈగ ఆయన మెడ మీద కుట్టింది. ఎప్పుడూ కుట్టేవే, ఎప్పుడూ తుడుచుకుని పోయేవారే. ఆసారి మాత్రం గొంతు వాచి, ఊపిరందక, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకోసారి కుడితే ఇక్కడిదాకా తీసుకొచ్చే టైముండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. చలి విరగ్గానే పెట్టెలు వెళ్లిపోవాలని అత్తగారు ఆ రోజే ఖరాఖండీగా చెప్పేసింది.

ఆయన ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర వాదించారు, అలిగారు, పస్తు కూడా ఉన్నారు. తర్వాత చలికాలం మధ్యలో ఒకరోజు ఉన్నట్టుండి, "సరే, పట్టుకుపొమ్మను," అన్నారు. ఆ తర్వాత ఆయన పెద్దగా మాట్లాడింది లేదు. అత్తగారు గెలిచింది. గెలిచినా ఆమె మొహంలో వెలుగు లేదన్న సంగతి కోడలు గమనించింది.

ఆ పొద్దున ఎండ బాగా కాసింది. చూరు మీది మంచు కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది. అత్తగారు చాలా రోజులకు తెల్ల దుప్పటి ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసి, స్నానానికి వెళ్లింది. కోడలు మామగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, ఒకటి అడగనా? అంత గొడవ చేసి, మళ్లీ ఎందుకు సరే అన్నారు?"

ఆయన బాత్రూమ్ వైపు చూశారు. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మీ అత్తయ్యతో అనకూడదు మరి."

"అననులెండి."

"తను స్నానానికి వెళ్లినప్పుడల్లా నేను పెరట్లోకి వెళ్లేవాణ్ని. పెట్టె తెరవలేదమ్మా, ఒట్టు. వెనక నుంచి ఒక చేత్తో కొంచెం పైకెత్తి చూసేవాణ్ని. చలికాలమంతా అవి బయటికి రావు. లోపల ముద్దగా చేరి దాచుకున్న తేనె తింటాయి. తింటే పెట్టె తేలికవ్వాలి. వారం వారం తేలికవ్వాలి." ఆయన కుడిచెయ్యి చాచి, కనిపించని పార్సిల్ ఏదో తూచారు. "అవ్వలేదు. రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే తినేవాళ్లు లేరన్నమాట. పోయినవాటి కోసం దెబ్బలాట ఎందుకని ఊరుకున్నాను. తోటాయన పట్టుకుపోయేది ఉత్త చెక్కే."

ఆ చెయ్యి అంటే ఇంటిల్లిపాదికీ గురి. కాటా మీద పెట్టకముందే పార్సిల్ బరువు చెప్పేసేవారని పాత ఉద్యోగులు ఇప్పటికీ అంటారు.

"చెవి ఆనించి వినలేదా?"

"స్టాంపులు కొట్టీ కొట్టీ చెవులు మందగించాయి, అంత సన్న రొద అందదు. మిగిలింది చెయ్యి ఒక్కటే."

"అయితే నేను తెరిచి చూస్తాను. మీరు కిటికీ వేసుకుని లోపల కూర్చుని ఫోన్లో చెప్పండి."

ఆయన వద్దనలేదు. "మిట్టమధ్యాహ్నం కానీ. ఎండ పెట్టె మీద పడాలి," అన్నారు. చాలా రోజులకు ఈగల గురించి ఆయన నోట వచ్చిన మొదటి సలహా అదే.

మధ్యాహ్నం మామగారి వల టోపీ కోడలి భుజాల దాకా దిగిపోయింది. భర్త ఆమె చేతులకు తొడుగులు తొడిగి, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపి, "నేనూ నీతోనే ఉంటాను," అన్నాడు.

"ఎక్కడ?"

"కిటికీ లోపల. మనసు నీతోనే."

ఆమె పెరట్లో అడుగు పెట్టగానే అత్తగారు చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవరు తెరవమన్నారు నిన్ను? తోటాయన చూసుకుంటాడు. ముట్టుకోకు!"

"పోయినవే కదత్తయ్యా, ఏం చేస్తాయి?"

"పోయాయని ఎవరు చెప్పారు?"

మావయ్య మాట కోడలి నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఇచ్చిన మాట తప్పినట్టే. మొదటి పెట్టె మూత ఎత్తింది.

లోపల చలి, చెమ్మ వాసన. తేనెపట్టు చట్రాల మధ్య గుప్పెడు ఈగలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే కదలకుండా ఉన్నాయి. చట్రాల మీద తెల్లటి బిళ్ల ఒకటి పరిచి ఉంది, గట్టిగా పాకం పట్టిన చక్కెర. దాన్ని అవి ముట్టినట్టు లేదు. బిళ్ల పైన చక్కగా అచ్చుపడిన ఆకులు. ఈనెలతో సహా.

కోడలు తల తిప్పి అత్తగారి వైపు చూసింది. అత్తగారు గరిటె వైపు చూసుకుంది.

"ఏముందమ్మా?" ఫోన్లో మామగారి గొంతు.

"ఇవి పోయాయి మావయ్యా."

"చెప్పానుగా. ఇంక మూసెయ్. రెండోది తెరవక్కర్లేదు." అద్దం వెనక ఆయన లేచి నిలబడటం కనిపించింది.

ఆమె రెండోది తెరిచింది. మూత ఎత్తగానే వెచ్చని ఆవిరి, మైనం వాసన, అడుగు నుంచి లేచిన చిన్న రొద. ఇక్కడా ఆకుల బిళ్ల ఉంది, కాని నడిమంతా తినేయగా అంచులే మిగిలాయి. ఆ ఖాళీలో గోధుమరంగు వీపులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కొన్ని పైకి లేచి, ఎండలో ఒక చుట్టు తిరిగి, దుప్పటి మీదుగా ఎగిరిపోయాయి.

"మావయ్యా! బతికున్నాయి! బోలెడున్నాయి!"

"నన్ను ఓదార్చకమ్మా. బతికుంటే పెట్టె బరువు తగ్గకుండా ఎలా ఉంటుంది?"

"నేను పెడుతుంటే ఎలా తగ్గుతుంది?" అనేసింది అత్తగారు.

 పెరట్లో ఈగల రొద. అప్పుడు అత్తగారికి తట్టింది.

"అది సరే. బరువు తగ్గలేదని మీకెలా తెలుసు?"

మిగిలింది వంటింట్లో జరిగింది. మూతలు వేసి కోడలు వచ్చేసరికి ఇద్దరూ బల్లకు చెరోవైపు నిలబడి ఉన్నారు. భర్త ఎవరి పక్కనా చేరకుండా ఫ్రిజ్‌కు ఆనుకుని ఉన్నాడు.

"నేను స్నానానికి వెళ్తే మీరు ఇదా చేసేది? ఒక్కటి బయట తిరుగుతుంటే? ఒక్కటి కుట్టి ఉంటే?"

"చలిలో అవి రావు. మరి నువ్వు? వల లేకుండా మూత ఎత్తావు!"

"నన్ను కుడితే వాస్తుంది. మీ సంగతి అదా?" ఆమె గొంతు పెరిగింది. "మీ పుస్తకాలు నేనూ చదివాను. నీళ్ల పాకం పోస్తే చెమ్మకి చస్తాయట, గట్టిగా పట్టి పెట్టాలట. మీరు వాకింగుకి వెళ్లినప్పుడల్లా పాకం పట్టాను. ఎందుకనుకున్నారు, వాటి మీద ప్రేమా? అవి ఆకలితో ఉన్నాయని తెలిస్తే మీ కాలు నిలుస్తుందా? మీరు వెళ్లకూడదనే నేను వెళ్లాను!"

"ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"తీసెయ్యమని గోల పెట్టిందే నేను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మామగారు కుర్చీలో కూలబడ్డారు. "నేను వాటి కోసం ఏడుస్తున్నానే ఇన్నాళ్లూ. లోపల ఒక్కటీ లేదని."

అత్తగారు గరిటెను బల్ల మీద పెట్టింది.

"నా మీద కోపంతో మాట్లాడటం లేదనుకున్నాను," అంది. "పెట్టెలు పంపించేస్తున్నందుకు జన్మలో మాట్లాడరేమో అనుకున్నాను. అయినా పర్లేదు, మనిషి ఉంటే చాలనుకున్నాను."

ఆయన ఆ తూనిక చెయ్యి చాచి ఆమె చెయ్యి అందుకున్నారు. ఆ చేతికి చక్కెర పాకం చింది కాలిన పాత మచ్చలున్నాయి. ఆయన వాటిని ఇప్పుడే చూశారు.

కోడలికి కళ్లు చెమర్చాయి. వల లోపల తుడుచుకోవడం కుదరలేదు. టోపీ తీయకుండానే, "అత్తయ్యా, నా గాజు పళ్లెం ఎక్కడుంది?" అంది.

"బియ్యం డబ్బా వెనక. పగల్లేదులే."

"చక్కెర నేరం కూడా నా మీంచి కొట్టెయ్యండి మరి. మీ అబ్బాయి ముందర."

"కొట్టేశాను పో," అంది అత్తగారు కళ్లు ఒత్తుకుంటూ. "నీ వంక చెప్పి నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. కోడలు వచ్చినందుకు ఆ మాత్రం లాభం ఉండొద్దూ?"

తోటాయన వచ్చేసరికి అత్తగారే గేటు దగ్గరికి వెళ్లింది. ఖాళీ అయిన పెట్టె చూపించి, ఇది పట్టుకెళ్లమంది. రెండోదాని మీద చెయ్యి వెయ్యబోతే, "అది కాదు. అందులో మనుషులున్నారు," అంది. ఆయన బుర్ర గోక్కుంటూ ఒక పెట్టె ఎత్తుకుపోయాడు. ఇకమీదట ఆ పెట్టె తెరిచేది అత్తాకోడళ్లు. మామగారు మాత్రం అద్దం దాటి రాకూడదు. అక్కడ కూర్చుని ఎంతైనా అరవొచ్చు.

సాయంత్రం అత్తగారు దుప్పటి తీయబోయి ఆగిపోయింది. తెల్ల గుడ్డ నిండా చిన్నచిన్న పసుపు చుక్కలు.

"ఇదేం ఖర్మ! పొద్దుటంతా ఉతికానే!"

కిటికీ వెనక మామగారు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు కోడలు ఈ ఇంటికొచ్చాక వినడం అదే మొదలు. "చలికాలమంతా బిగపట్టుకుని ఉంటాయవి. పెట్టెను పాడుచేసుకోవు. మొదటి ఎండకి బయటికొచ్చి పని కానిస్తాయి. మాసినట్టు కాదే అది. అవి బాగున్నట్టు!"

"మీవాళ్లు చేసినవన్నీ మీకు ముద్దే," అంటూ ఆమె దుప్పటిని తీగ మీంచి లాగింది. ఉతికే తొట్టిలో వేస్తుందనుకుంది కోడలు. ఆమె తొట్టి దాటి కిటికీ దగ్గరికి వెళ్లి, దుప్పటి రెండు చెంగులూ పట్టుకుని అద్దానికి ఎదురుగా విప్పి నిలబడింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, అద్దానికి ముక్కు ఆనించి, ఒక్కొక్క చుక్కా చూస్తున్నారు. ఆయన ఊపిరికి అద్దం మసకబారుతోంది. తుడుచుకుని మళ్లీ చూస్తున్నారు. అత్తగారికి చేతులు లాగుతున్నాయి. అయినా దించలేదు.