పిలిచే వంతు

బట్టల దుకాణం మూతపడ్డాక అతని చేతిలో మిగిలినవి ఇవి: ఒక పెద్ద కత్తెర, ఒక ఇనప గజంబద్ద, ఇంటి వెనకగదిలో అమ్ముడుపోని కొన్ని తానులు, ఎదుటివాణ్ణి ఒప్పించగల నోరు, నాలుగేళ్ల కవల ఆడపిల్లలు. వీధి వెడల్పు చేయడానికి వచ్చినవాళ్లు దుకాణం ముందుభాగం కొట్టేశారు. మిగిలిన వెనకభాగంలో వ్యాపారం సాగదు. భార్య ఆస్పత్రిలో నర్సు. ఆమె జీతం మీద ఇల్లు నడుస్తోంది కాబట్టి, పిల్లల్ని చూసుకోవడం అతని వాటాకి వచ్చింది.

గుమాస్తాలనీ బేరగాళ్లనీ నడిపినవాణ్ణి, ఈ గుప్పెడంత పిల్లల్ని నడపలేనా అనుకున్నాడు. మొదటి రోజే తల తిరిగింది. పెద్దది కత్తెర పట్టుకుని మంచం కింద దూరి దుప్పటి అంచు కోసేసింది. చిన్నది పొద్దున నోట్లో పెట్టుకున్న ముద్దని మధ్యాహ్నం దాకా బుగ్గనే ఉంచుకుంది. సరుకు చూసి పేరు పెట్టడం అతనికి అలవాటు. పెద్దదానికి పిడుగు అనీ, చిన్నదానికి మొద్దు అనీ పేర్లు స్థిరపడ్డాయి.

"పిల్లని అలా పిలవకండి," అంది భార్య.

"ముద్దుకేనే," అన్నాడు.

అన్నిటికన్నా అతన్ని వేధించింది పిలుపు. నాన్నా ఇది చూడు, నాన్నా అది పడిపోయింది, నాన్నా ఇది నన్ను చూస్తోంది. ఒక దానికి జవాబు చెప్పేలోగా ఇంకొకటి మొదలుపెట్టేది.

దుకాణంలో అతనికొక పద్ధతి ఉండేది. ఇద్దరు గుమాస్తాలూ పోటీ పడాలి. తక్కువ అమ్మినవాడు ఫ్యాను కింద చోటు రెండోవాడికి వదిలేయాలి. ఆ చోటు కోసం ఇద్దరూ నోరు ఎండేలా అమ్మేవాళ్లు. ఇంట్లోనూ అదే పెట్టాడు. పాలు ముందు తాగినవాళ్లది గెలుపు, స్నానానికి ముందు వచ్చినవాళ్లది గెలుపు. ఓడినవాళ్లు తమ వస్తువు ఒకటి గెలిచినవాళ్లకి ఇచ్చెయ్యాలి.

ఇల్లు దారికొచ్చింది. భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్లలు తలలు దువ్వుకుని కూర్చునేవాళ్లు.

"ఏం మంత్రం వేశారు?"

"మంత్రం కాదు. పోటీ."

ఆమె అలిసిపోయి ఉండేది. రోజూ ఓడేది ఎవరని అడగలేదు.

ఓడేది మొద్దే. ముందు తల రిబ్బను పోయింది. తర్వాత ఎర్ర గ్లాసు, కిటికీ పక్క కుర్చీ, తలగడ. చివరికి బొమ్మ కూడా పోయింది. ఒకే తాను ముక్కతో అతనే కుట్టిన రెండు గుడ్డబొమ్మలు ఇప్పుడు పిడుగు చంకలోనే ఉండేవి. ఇస్తున్నప్పుడు మొద్దు ఏడ్చేది కాదు. దారికి వస్తోందిలే అని అతను సంతోషించాడు.

పైవాటా మామ్మగారు మెట్లు దిగుతూ ఒకరోజు ఆగింది. "ఏమయ్యా, చిన్నదాని చేతులు ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటాయేం?"

"ఓడిపోతోంది మామ్మగారూ. పంతం రావాలి దానికి."

"పాలు తాగడానికి పంతం దేనికి?"

"మీ కాలం వేరండీ."

"వేరే. మా కాలంలో పిల్లలు పాలు తాగేవాళ్లు, అంతే."

ఒక పొద్దున మొద్దు మళ్లీ ఓడింది. పిడుగు గ్లాసు బోర్లించి లేచి, చెల్లెలి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"దీని దగ్గర ఇంకేం లేదు నాన్నా. ఉత్తినే ఓడిపోతే ఎలా?"

అది అచ్చంగా అతని గొంతే. అతనికి నవ్వొచ్చింది. కాసేపట్లో మిగిలిన తానుల కోసం ఒక కొనుగోలుదారు ఫోన్ చెయ్యబోతున్నాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఆ అవసరమే అతనికి దారి చూపించింది.

"అయితే పిలిచే వంతు ఇచ్చెయ్యి అక్కకి. సాయంత్రం అమ్మ వచ్చేదాకా నాన్నని అదొక్కతే పిలవాలి. నువ్వు పిలవకూడదు. సరేనా?"

మొద్దు ఏదో అడగబోయింది. "నా..." అని ఆగి, పెదవులు మూసుకుని తలాడించింది.

ఫోన్ వచ్చింది. అవతలివాడు గట్టివాడు. తానులకి తేమ తగిలిందన్నాడు, రంగు దిగుతుందన్నాడు, అసలు అక్కర్లేదన్నాడు. చాలాకాలానికి బేరం దొరికేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. మధ్యలో గాలికి ఎక్కడో తలుపు కొట్టుకుంది. పట్టించుకోలేదు. తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. పద్ధతి భలే పనిచేస్తోందనుకున్నాడు. తను చెప్పిన ధరకే ఒప్పించి ఫోన్ పెట్టి, ఈల వేసుకుంటూ లోపలికి నడిచాడు.

వెనకగది గుమ్మం దగ్గర మొద్దు నిలబడి ఉంది. తలుపు బందుల వైపు సందులో దాని వేలు ఇరుక్కుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. కింది పెదవి కొరుక్కుని కొరుక్కుని నెత్తురొచ్చింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, గొంతులోంచి మాత్రం చిన్న మూలుగు కూడా రావడంలేదు. ఎదురుగా నేలమీద పిడుగు కూర్చుని రెండు బొమ్మల్నీ వరసగా పేర్చుకుంటోంది.

అతను తలుపు లాగాడు. వేలు బయటికొచ్చింది, గోరు సగం వేళ్లాడుతూ.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"నువ్వు ఫోన్ మాట్లాడుతున్నప్పట్నించీ," అంది పిడుగు.

"నువ్వైనా నన్ను పిలవలేదేమే?"

పిడుగు అర్థంకానట్టు చూసింది. "నాకు దెబ్బ తగల్లేదుగా."

ఆస్పత్రిలో భార్యే కట్టు కట్టింది. డాక్టరు గోరు తీసేస్తున్నప్పుడు కూడా పిల్ల అరవలేదు. అది చూసి భార్యకి అనుమానం వచ్చింది.

"నాన్నని పిలవలేదేం తల్లీ?"

మొద్దు తండ్రి వంక చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. అతను తొందరపడ్డాడు. "ఫోన్‌లో ఉన్నానే. నాకే వినపడలేదు."

"అబద్ధం," అంది పిడుగు. "ఇది అసలు పిలవలేదమ్మా. పిలిచే వంతు నేను గెలుచుకున్నాగా. ఇవాళ ఇది భలే ఆడింది. ఒక్కసారి కూడా పిలవలేదు."

గుడ్డ చుడుతున్న భార్య చెయ్యి ఆగింది. మళ్లీ చుట్టింది.

ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక వంటింటి గడపమీద కూర్చుంది.

"మీ దుకాణంలో రోజూ ఓడిపోయే గుమాస్తా ఉండేవాడు కదా. చివరికి ఏమయ్యాడు?"

"మానేసి వెళ్లిపోయాడు."

"ఇది ఎక్కడికి మానేసి వెళ్తుంది?"

అతను గజంబద్దని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "దాన్ని కాస్త చురుగ్గా చేద్దామనే..."

"పెద్దది అయింది చురుగ్గా. చెల్లెలు తలుపులో నలుగుతుంటే బొమ్మలు పేర్చుకుంది. నాకు దాన్ని చూస్తేనే ఎక్కువ భయమేస్తోంది."

"ఇల్లు బాగుందని నువ్వూ మెచ్చుకున్నావు."

"మెచ్చుకున్నాను. అందుకే అరవట్లేదు."

మర్నాటి నుంచి పోటీలు లేవన్నాడు. రిబ్బను, గ్లాసు, తలగడ, బొమ్మ తెచ్చి మొద్దు మంచం మీద పెట్టాడు. అది వాటిని తాకలేదు. తండ్రిని పిలవనూ లేదు. దాహమేస్తే మెట్లెక్కి మామ్మగారి దగ్గరికి పోయేది. తప్పనిసరైతే అతని చొక్కా అంచు లాగేది.

"ఇప్పుడు పిలవొచ్చే తల్లీ. ఎన్నిసార్లైనా పిలవొచ్చు."

మొద్దు ఆలోచించింది. "ఏమివ్వాలి?"

ప్రతి దానికీ ధర చెప్పగలిగిన మనిషి లేచి, దాని ఎర్ర గ్లాసులో నీళ్లు నింపి మంచం పక్కన పెట్టాడు.

పిడుగు మాత్రం పాలు గటగటా తాగి అతని మొహం వంక చూస్తూనే ఉండేది. మెచ్చుకోలు రాకపోయేసరికి దిక్కుతోచనట్టు అటూ ఇటూ తిరిగేది. ఒక పొద్దున చెల్లెలి గ్లాసు కట్టు కట్టిన చేతిలోంచి జారిపోతుంటే, అది తన గ్లాసు పక్కన పెట్టి, చెల్లెలి గ్లాసు అడుగున చెయ్యి పట్టింది. చెల్లెలికి ఒక్క గుక్క మిగిలేదాకా ఆగి, అప్పుడు తన గ్లాసు తీసుకుంది. చివరి గుక్క ఇద్దరూ కలిసి మింగి, రెండు గ్లాసులూ ఒక్కసారే బల్లమీద పెట్టారు.

"ఇద్దరం గెలిచాం," అంది పిడుగు. "మరి ఓడిందెవరు?"

గదిలో మిగిలింది అతనొక్కడే. "నేనే," అన్నాడు.

"అయితే ఏదో ఒకటి ఇవ్వాలి."

అతను చేతులు చాపాడు. మొద్దు అతన్నే చూస్తూ నెమ్మదిగా అంది. "పిలిచే వంతు. అమ్మ వచ్చేదాకా నువ్వు మమ్మల్ని పిలవకూడదు."

ఒప్పుకున్నాడు. ఆ రోజు పిల్లలు మెట్లమీదికి పరుగెత్తితే కేకెయ్యలేక వెనకాలే పరుగెత్తాడు. మంచం కోడు కాలికి కొట్టుకుంటే పళ్లు బిగించుకున్నాడు. అన్నానికి రమ్మనడానికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి భుజం తట్టాడు. నోటిదాకా వచ్చిన పిలుపుని మింగిన ప్రతిసారీ, తను మింగుతున్నది ఏ మాటో అతనికి తెలిసొచ్చింది. మొద్దు. మొద్దు. మొద్దు. రోజుకి ఇన్నిసార్లు ఆ మాటతో దాన్ని కొడుతున్నానని అతను ఎన్నడూ అనుకోలేదు. పెరట్లో ఉతికిన బట్టలు ఆరేస్తూ, తడి దుప్పటి చాటున నిలబడి ఏడ్చాడు.

సాయంత్రం గేటు చప్పుడైంది. గడువు తీరింది. అతను చిన్నదాని ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు గాని ఆ పేరు బయటికి రాలేదు, వేరే పేరు తట్టలేదు. అతను వెతుక్కుంటూ ఉండగానే అది వేలు చాపింది.

"నాన్నా, కట్టు ఊడింది."

కొన్ని నెలలకి గోరు మళ్లీ వచ్చింది, కాస్త వంకరగా. బొమ్మల్లో చిన్నది తిరిగి తీసుకోనిది ఇప్పటికీ ఎవరిదీ కాకుండా అటకమీద ఉంది. పిడుగు ఏది తినబోయినా ముందు చెల్లెలి పళ్లెం వంక చూస్తుంది. అది ప్రేమో, పాత అలవాటో అతను తేల్చుకోలేకపోయాడు. ఆ పోటీలన్నిటిలో చివరికి అతనికి మిగిలింది ఒక్క పిలుపు. దానికి బదులు తను ఇచ్చిందేమీ లేదని అతనికి తెలుసు.