తూములో గొంతు

ఓ వారం పాటు, దీపాలు పెట్టే వేళ దాటితే మా పేట బోరింగు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. బిందె ఖాళీగా ఉన్నా సరే, తెల్లారేదాకా దాహంతో పడుకోవడమే. అక్కడ ఏదో ఉందని... ఏదో ఏంటి, అదే ఉందని, రెండువేల సంవత్సరంలో తణుకు చుట్టుపక్కల అంతా చెప్పుకున్నారు. అది మొదలైన రాత్రి నేను అక్కడ లేను. విన్నదే చెబుతున్నాను.

బోరింగు పక్కన అరడజను సిమెంటు తూములు పడుండేవి. ఒక్కోదాని నోరు గంగాళమంత. మురుక్కాలవ కోసం పంచాయతీ తెప్పించింది. తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో దిగి, మర్చిపోయింది. మురుగంతా బోరింగు చుట్టూనే నిలిచేది. చీకటి పడ్డాక కోళ్ళ కొట్టు అమ్మిరాజు రోజూ వచ్చి అందులోకే బక్కెట్టుడు ఈకలూ పేగులూ దిమ్మరించేవాడు. ఆయన వార్డు మెంబరు కూడా. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం?

ఆ బోరింగు నీళ్ళు తాగి మా పేట ఆశీర్వాదం కొడుకు, ఏడేళ్ళ అనిల్, వాంతులూ విరేచనాలతో తణుకు ఆసుపత్రిలో పడ్డాడు. వాడి అక్క మెర్సీ పేట పిల్లల్ని వెంటేసుకుని కోళ్ళ కొట్టుకి వెళ్ళింది.

"అక్కడ పారబొయ్యకండి, మెంబరుగారండీ. ఆ తూములైనా వేయించండి. మా తమ్ముడు బతికేలా లేడండి."

"వెళ్ళి చదువుకోండమ్మా," అన్నాడాయన, కోడి మెడ విరుస్తూ.

మర్నాడు రాత్రి... కరెంటు పోయింది. అమ్మిరాజు మామూలుగానే బక్కెట్టుతో వచ్చాడు. అప్పటిదాకా అరుస్తున్న కప్పలు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"అమ్మిరాజూ..."

గోతిలోంచి వచ్చినట్టు... లావుపాటి గొంతు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"తెచ్చావా..."

ఈసారి ఒక్క గొంతు కాదు — నాలుగైదు. అన్నీ ఆ తూముల్లోంచే!

"పట్టుకుపో... లేదంటే నీ వెనకే మీ ఇంటికొస్తాం..."

బోరింగు పిడి దానంతటదే పైకి లేచింది... కిర్రు... మళ్ళీ కిందికి దిగింది.

అంతే, అమ్మిరాజు పరుగో పరుగు. దారిలో పంచె ఊడిపోయింది. బక్కెట్టు మాత్రం వదల్లేదు. నట్టింట్లో కూలబడేదాకా పేగులు ఆయన చేతిలోనే ఉన్నాయట.

తెల్లారేసరికి జ్వరం. గోదావరి అవతల పెద్దాపురం నుంచి భూతవైద్యుణ్ణి దింపారు. దగ్గరి ఊరి వైద్యుడి మాట దెయ్యాలు వినవు మరి! ఆయన తూముల చుట్టూ తిరిగి, నిమ్మకాయలు కోసి, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"తూముల్ని పట్టుకున్నాయండి. వీటిని భూమిలో పాతెయ్యాలి. లోపల నీళ్ళు పారుతూనే ఉండాలి. అప్పుడుగానీ నోరు మూతపడదు."

వారం తిరక్కుండా పాతేశారు. అర్జీలకి కదలని పంచాయతీ ఎండలో నిలబడి మరీ కాలవ తవ్వించింది. సిమెంటు అమ్మిరాజే కొన్నాడు. మురుగు ఊరవతలికి పోయింది, బోరింగు చుట్టూ నేల ఆరింది. పసివాడు చావుబతుకుల్లో ఉంటే కలగని భయం తూము పిలిస్తే కలిగిందని తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాతే రోజు పిల్లలంతా వరసగా నిలబడి బుద్ధిగా చూశారు. వాళ్ళలో గంగరాజు అనే కుర్రాడి మోచేతులు రెండూ సిమెంటుకి గీసుకుపోయి ఉన్నాయి. మెర్సీ చేతిలో చేంతాడు ముక్క కనబడింది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"బోరింగు పిడికి కట్టిందండి," అనేసి నాలిక కరుచుకుంది.

నేను అటు తిరిగి నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి అనిల్ ఇంటికొచ్చాడు, చిక్కిపోయినా నవ్వుతూనే. ఇక బడి రోడ్డు కోసమని తోలించిన కంకర గుట్ట ఒకటి ఏళ్ళ తరబడి అలాగే పడుంది మా పేటలో. వాడొచ్చిన వారానికి, చీకటి పడితే చాలు, ఆ గుట్ట మూలగడం మొదలెట్టిందట... సన్నగా, అచ్చం ఏడేళ్ళ పిల్లాడి గొంతుతో.

అమ్మిరాజు తెల్లారకుండానే రోడ్డు రోలరుకి కబురు పెట్టాడు.