పసుపుపూల మోపు

టీ ఒక్క గుక్క తాగి, కొత్తకోడలు జిబెక్ వాళ్ళమ్మ గిన్నె మెల్లగా కింద పెట్టేసింది.

"ఏం వదినగారూ, బాగా వేడిగా ఉందా?" అడిగింది అకిలాయ్ అమ్మ.

"అబ్బే, అదేం లేదు. దారిలో తాగే వచ్చాను."

అమ్మకు అనుమానం వచ్చింది. తన గిన్నెలోది కాస్త నోట్లో పోసుకుంది. టీలో కలిపిన పాలు ఒకటే చేదు! అమ్మ ముఖం మాడిపోయింది. కొడుకు పెళ్ళయ్యాక వియ్యపురాలు కొండమీది తమ గుడారానికి రావడం ఇదే మొదటిసారి.

"జిబెక్! పాల బకెట్ కడిగావా, ఊరికే నీళ్ళు తిప్పి పెట్టావా?"

"మరిగే నీళ్ళతోనే కడిగాను అత్తయ్యా."

"మరి ఈ చేదేమిటి? వచ్చి రెండు నెలలైంది. బకెట్ కడగడం కూడా నేనే నేర్పాలా?"

కన్నతల్లి ఎదుటే ఆ మాట! జిబెక్ తల దించుకుని, బకెట్ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె తల్లి చేతిలోని రొట్టెముక్క చేతిలోనే ఉండిపోయింది.

పక్కనే కూర్చున్న అకిలాయ్‌కి పదేళ్ళు. నిన్నటినుంచి దాని వేళ్ళు మండుతున్నాయి. వాటిమీద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. కొడవలి పిడి ఒరుసుకుందేమో అనుకుంది. చేతులు ఊదుకుంటూ గుడారం వెనక్కి వెళ్ళింది.

అక్కడ కాలు బెణికిన పాడి ఆవును కట్టేశారు. ఇంట్లో టీకి పాలు దానివే. పై వాలుకు ఎక్కి, రోజుకు రెండు మోపులు మంచి గడ్డి కోసుకురావడం అకిలాయ్ పని. కానీ ఎవరు ఎక్కుతారు అంత దూరం? మూడు రోజులుగా అది వాగు పక్కనే కోస్తోంది. అక్కడ నెయ్యి రాసినట్టు మెరిసే పసుపుపూలు మోకాలెత్తున పెరిగాయి. నాలుగు కోతలకే మోపు తయారు. విడిగా మేసే ఆవులు ఆ పూలను ముట్టకుండా పోవడం అకిలాయ్ చాలాసార్లు చూసింది. కట్టేసిన ఆవుకు మాత్రం వేరే దిక్కేముంది? పెట్టిందే తింది.

ఇప్పుడు దాని నోటినుంచి సొంగ కారుతోంది. పెదవులమీద బొబ్బలు! అకిలాయ్ తన వేళ్ళు చూసుకుంది. అవే బొబ్బలు. అంటే ఇది కొడవలి పిడి వల్ల కాదు, ఆ పూల వల్లే. పాల చేదూ వాటి వల్లే!

వాగు దగ్గర జిబెక్ బూడిదతో బకెట్ తోముతోంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"చేతులకేమైందే? కొడవలి వల్లేనా? అయ్యో, ఇలా రా."

గుడారంలోంచి వెన్న తెచ్చి, ఒక్కో వేలికీ రాసింది.

"పిడికి గుడ్డ చుట్టమని మీ అన్నకు చెప్తాలే. నొప్పిగా ఉందా?"

అకిలాయ్‌కి ఆ చేతుల్లోంచి తన చేతులు లాగేసుకుని ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. అంత సిగ్గేసింది. 'వదిన వాళ్ళమ్మ వెళ్ళాక అమ్మకు నెమ్మదిగా చెప్తా' అనుకుంది.

గుడారం తలుపులోంచి చూస్తే, జిబెక్ వాళ్ళమ్మ తలగుడ్డ సర్దుకుంటోంది. బయల్దేరుతోందన్నమాట. కూతురికి బకెట్ కడగడం కూడా రాదన్న మాట మోసుకునే కొండ దిగుతుంది!

అకిలాయ్ లోపలికి పరిగెత్తింది. ఇద్దరి మధ్యా నిలబడి, వెన్న రాసిన చేతులు ముందుకు చాపింది.

"అమ్మా, బకెట్ శుభ్రంగానే ఉంది. పైకి ఎక్కడానికి బద్ధకించి నేనే వాగు పక్కన పసుపుపూలు కోసి ఆవుకు వేశాను. దాని నోరు కూడా ఇలాగే అయింది. వదిన... వదిన తప్పేం లేదు అత్తయ్యా," అంది జిబెక్ తల్లివైపు తిరిగి.

అమ్మ ఆ చేతులు పట్టుకుని బొబ్బలు చూసింది.

"అవి ఎండితే ఏం కాదు. పచ్చివి పెడతారటే పిచ్చిపిల్లా?" అంది. గొంతులో కోపం లేదు. అమ్మకూ సిగ్గేసినట్టుంది. లేచి బయటికి వెళ్ళింది. కోడలి చేతిలో బకెట్ తీసి పక్కన పెట్టి, చేయి పట్టుకుని తీసుకొచ్చి తల్లి పక్కన కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో రోజూ టీ పోసేది కోడలే. ఈసారి అమ్మే పాలు లేని టీ పోసి, మొదటి గిన్నె జిబెక్‌కి ఇచ్చింది.

అకిలాయ్ కొడవలి, తాడు తీసుకుంది.

"టీ తాగి వెళ్ళవే!" పిలిచింది జిబెక్.

"ఆవు ఆకలితో ఉంది వదినా," అంది అకిలాయ్, ఆమె ముఖంలోకి చూడలేక.

వాగు దాటి, పసుపుపూలు దాటి, పై వాలు ఎక్కసాగింది.