ఒక గుబులు

"ఏమో, ఇవాళ ఎందుకో మనసు మనసులో లేదు. పిల్లకి ఏమన్నా అయిందేమో," అంది హారికమ్మ, నిద్ర లేచి ముఖమైనా కడుక్కోకుండా, గోడలోని మైకుతో.

అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు. కాకినాడకు ఎదురుగా సముద్రం అడుగున కట్టిన కాలనీలో జనం మామూలుగానే లేచి పళ్ళు తోముకుంటున్నారు. గాజు గోడల అవతల చేపలు తిరుగుతున్నాయి. అందరి మణికట్ల మీదా కడియాలు వెలుగుతున్నాయి. పిల్లను బడికి పంపుతున్న తల్లి కడియం మీద పావు గుబులు, ఇంటర్వ్యూకి బయలుదేరిన అమ్మాయి కడియం మీద పావు కంటే కాస్త ఎక్కువ. నెత్తిన అంత సముద్రం ఉందే, గోడ ఎక్కడైనా పగిలితే గతేమిటని ఎవరూ అనుకోవడం లేదు. భయపడవలసిన పని ఉంటే కడియమే చెబుతుంది కదా.

హారికమ్మ మాటలు పై అంతస్తులో ఆమె కూతురు మేదిని బల్ల మీదున్న స్పీకరులోంచి వినిపించాయి. స్పీకరు పక్కనే ఒక మీట. నొక్కితే ఇక్కడి మాట కిందికి వెళుతుంది. దాన్ని మేదిని ఎన్నడూ నొక్కలేదు.

గుబులుమాపకాన్ని కనిపెట్టింది మేదినే. కడియంలోని సెన్సర్లు గుండె వేగాన్ని, చెమటను, రక్తంలో కలిసే హార్మోన్లను పట్టి చూస్తాయి. అయితే పట్టి చూడటం వేరు, కొలవడం వేరు. కొలవాలంటే ఒక ప్రమాణం ఉండాలి. మీటరుకు కాంతి ఉంది, సెకనుకు పరమాణువు ఉంది. మనిషి గుబులుకు ఏముంది? వెనకటికి కిలోగ్రాముకు ఒక లోహపు ముద్ద ఉండేది. దాన్ని గాజు మూతల కింద పెట్టి తాళాలు వేసి, లోకంలోని తూకపురాళ్ళన్నీ దానితో సరిచూసేవారు. అది ఎంత ఉంటే అదే కిలో. గుబులుకూ అలాంటి ముద్ద ఒకటి కావలసి వచ్చింది.

ఆ ముద్ద హారికమ్మ.

మేదిని ఎక్కిన జలాంతర్గామి ఒకసారి సిగ్నల్ తప్పింది. ఆ సమయంలో ఆమె తల్లి ప్రయోగశాలలో, ఎవరో సరదాకి తొడిగిన పరీక్ష కడియంతో కూర్చుని ఉంది. కూతురు తిరిగొచ్చేదాకా ఆ కడియం గీసిన గ్రాఫు ఎక్కడా వణకలేదు. బిడ్డ వస్తుందో రాదో తెలియని తల్లి గుబులు, అదే ఒక గుబులు అని కమిటీ తీర్మానించింది. హారికమ్మకు ఒక గది కట్టించారు. ఎప్పుడూ ఒకే వేడి, ఒకే వెలుగు. తన వంట తను చేసుకునే అలవాటు తప్పితే ప్రమాణం మారుతుందని చిన్న పొయ్యి కూడా పెట్టారు. నియమం ఒకటే. మంచి కబురు చెబితే గుబులు తగ్గుతుంది, చెడ్డ కబురు చెబితే పెరుగుతుంది. అందుకని ఆమెకు ఏ కబురూ చెప్పకూడదు. కూతురు గొంతు అసలే వినిపించకూడదు.

"కొన్నాళ్ళేనమ్మా," అంది మేదిని అప్పట్లో.

"నీ పనికి అక్కరకొస్తుందంటే ఉంటాలే. ఎక్కడ కూర్చున్నా నాకు భయమే కదా," అంది హారికమ్మ.

ఆ కొన్నాళ్ళు ఏళ్ళయ్యాయి. రోజూ మధ్యాహ్నం స్పీకరులో అదే ప్రశ్న వచ్చేది: "తిన్నావటే మేదినీ?" మేదిని చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయేది.

అప్పుడామెకు పాత వంటిల్లు గుర్తొచ్చేది. బియ్యం కడిగి, గిన్నెలో వేలు నిలబెట్టి, మొదటి కణుపు దాకా నీళ్ళు పోసేది అమ్మ. మేదిని తన చిన్న వేలు పెట్టి అలాగే పోస్తే అన్నం పలుకయ్యేది. "నీ వేలు వేరు, నా వేలు వేరు. పెద్దయ్యాక నీ కణుపు నీకొస్తుందిలే," అని నవ్వి ఇంకాసిన్ని నీళ్ళు పోసేది. కాలనీలో ఇప్పుడు యంత్రాలు మిల్లీలీటరు తేడా రాకుండా వండుతున్నాయి. పలుకన్నం తిని ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు మేదిని పనిచేసే ప్రమాణాల మందిరంలో పండుగ ఏర్పాట్లు జరుగుతున్నాయి. లోకమంతటా గుబులు ఏటేటా తగ్గుతూ ఇప్పటికి సగమైంది. మనిషి భయాన్ని గెలిచాడని సభ పెట్టి చెప్పబోతున్నారు. ఇంతలో ఒడ్డు నుంచి పోలమ్మ అనే ఆవిడ వచ్చింది. కిందటి వారం తుఫానులో ఆమె భర్త పడవ బోర్లాపడింది. ఇంట్లోవాళ్ళ కడియం ఒక గుబులు చూపిస్తే గాని రక్షణ నౌక కదలదు. పోలమ్మ కడియం అర మాత్రమే చూపింది. నౌక కదల్లేదు. అదృష్టం బాగుండి ఆ మనిషి చెక్కముక్క పట్టుకుని తేలి, ఎలాగో ఒడ్డున పడ్డాడు.

"మా ఆయన పోయాడేమోనని నేను సచ్చిపోతా ఉంటే మీ కడియం అర గుబులంది. ఆ మిగతా అర నేనెక్కడ దాచుకున్నానో చూసి పెట్టండమ్మా," అని కడియం బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది పోలమ్మ.

మేదిని సహోద్యోగి బషీర్ ఆ కడియాన్ని విప్పి చూశాడు. లోపమేమీ లేదు. అంకెలన్నీ తెర మీద పరిచి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మేదినిగారూ, అందరిదీ ఒకే పాళ్ళలో తగ్గింది. పసిపిల్లలది, ముసలాళ్ళది, జైల్లో వాళ్ళది కూడా. లోకమంతా ఒక్కలా ధైర్యం తెచ్చుకుంటుందాండీ?"

"అయితే?"

"లోకం తగ్గలేదండి. ముద్ద పెరిగింది."

మేదిని కింది గది అంకె చూసింది. 1.000. హారికమ్మ కడియం మొదటి రోజు నుంచీ అంతే. ప్రమాణం కాబట్టి ఎంత పెరిగినా ఒకటే; దానితో తూచిన మిగతావన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. ఏ కబురూ లేకపోతే మార్పూ ఉండదని లెక్క కట్టిన కమిటీలో తనూ ఉంది. కబురు లేకపోతేనే ఇంట్లో గుబులు ఎలా పెరుగుతుందో ఒక్కరికీ తట్టలేదు.

"ఇప్పుడు మీట నొక్కితే మీ పనంతా పోయినట్టేనండి," అన్నాడు బషీర్ మెల్లగా. "అందరి కడియాలూ ఒక్కసారి పైకి లేస్తాయి. జనం హడలిపోతారు."

"నొక్కకపోతే ఇంకో పోలమ్మ వస్తుంది. ఈసారి తిట్టడానికైనా ఓపిక ఉండదు ఆవిడకి."

స్పీకరు గరగరమంది. "తిన్నావటే మేదినీ?"

మేదిని మీట నొక్కింది. స్పీకరు దగ్గరికి వంగింది.

"లేదమ్మా. ఇంకా తినలేదు."

హారికమ్మ అంకె 1.000 దగ్గరే ఉంది. విన్నదో లేదో, ఆనందానికి గుండె ఆగిందో కూడా దాన్ని చూసి చెప్పలేం. మేదిని గోడ మీది పెద్ద తెర వైపు తిరిగింది. లోకం అంకె కదిలింది. పైకి, ఇంకా పైకి. పటం మీద ఊళ్ళన్నీ ఎర్రబడుతున్నాయి. అమ్మ గుండె అంతకంత తేలికపడుతోందన్నమాట. మేదిని కళ్ళు తుడుచుకుంటూ ఆ ఎరుపునే చూస్తోంది.

ఉన్నట్టుండి అంకె ఆగింది. ఆగి, కాస్త కిందికి జారింది.

"ఇదేంటండీ, మళ్ళీ తగ్గుతోంది?" అన్నాడు బషీర్ కంగారుగా.

మేదినికి నవ్వొచ్చింది. "తినలేదన్నాను కదండీ."

చాలాసేపటికి స్పీకరులో గిన్నె చప్పుడయింది. తర్వాత నీళ్ళ చప్పుడు. ఆ వెనక గొంతు.

"మధ్యాహ్నం దాటిపోతుంటే ఇంకా తినకపోవడమేంటే. దిగి రా. బియ్యం కడిగేశాను, నీళ్ళు నా వేలితోనే పోస్తాలే."