స్టీరింగ్ మీద ఒక వేలు

మూడో రోజు కూడా ఆ యూట్ బండి డ్రైవరు వేలెత్తేసరికి సుగుణకుమారికి ఒళ్ళు మండిపోయింది.

బెరిన్యా అనే ఆ ఊరికి లెక్కల టీచరుగా వచ్చి ఆమెకింకా వారం కాలేదు. మెల్బోర్న్ నుంచి బస్సులో పగలంతా ప్రయాణం. ఎటు చూసినా కోసేసిన గోధుమ చేలు, పైన బోలెడు ఆకాశం, రైలు పట్టాల పక్కన గోధుమలు నిలవచేసే సైలో. చీరాలలో గుమ్మం దిగితే మనిషికి మనిషి తగిలేవాడు. ఇక్కడ బడికి వెళ్ళే దారిలో తన నీడే తనకి తోడు. దానికి తోడు రోజూ పొద్దున్నే ఎదురయ్యే ఈ తెల్ల యూట్ ఒకటి. కారుకి వెనక సామాన్ల తొట్టి, ముందు అద్దం నిండా ఎర్రదుమ్ము, దుమ్ము వెనక పెద్ద టోపీ. పక్కనుంచి పోయేటప్పుడు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు లేచి మళ్ళీ పడుకునేది.

సుగుణ రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. యూట్ ఆగింది.

"ఎక్స్‌క్యూజ్ మీ మిస్టర్. ఐ యామ్ ఎ టీచర్ హియర్. డోంట్ డూ దట్ టు మీ ఎగైన్."

ఇంట్లో అద్దం ముందు చెప్పి చూసుకుని వచ్చిన మాటలవి. టోపీ కదల్లేదు. దాంతో ఆమె తెలుగులోకి దిగిపోయింది.

"చూడు, బెల్లం కొట్టిన రాయిలా ఎట్టా కూర్చున్నాడో. నెత్తిన ఆ బుట్ట ఒకటి. ఒంటరిగా ఆడపిల్ల కనపడితే చాలు, వేలు లేస్తది ఎదవకి."

టోపీ కిందికి దిగింది. నల్లటి జుట్టు, చామనఛాయ, నవ్వాపుకోలేక నానా అవస్థా పడుతున్న ముఖం.

"ఎండకి పెట్టుకున్నానండీ బుట్ట," అన్నాడతను. "మాది నర్సాపురమండీ, ఆయ్. బెన్‌హర్ అంటారు. సైలోలో గోధుమల క్వాలిటీ చూస్తానండీ."

భూమి నోరు తెరిస్తే దూకేద్దామనిపించింది సుగుణకి. కానీ తగ్గడం ఆమెకి చిన్నప్పట్నించీ అలవాటు లేదు.

"నర్సాపురమైతే? వేలెందుకు ఎత్తారు?"

"ఇక్కడ అందరూ ఎత్తుతారండీ. ఎదురైన మనిషిని పలకరించకుండా పోకూడదంట. మన దగ్గర 'భోంచేశారా' అన్నట్టు."

"అబద్ధం."

"కాసేపు నిలబడి చూడండి."

నిలబడి చూసింది. పోస్ట్ వాన్ వచ్చింది, వేలు లేచింది. స్కూలు బస్సు వచ్చింది, వేలు లేచింది. గొర్రెల లారీ వచ్చింది, డ్రైవరు ఎత్తాడు, పక్కన కూర్చున్న కుక్క మాత్రం ఎత్తలేదు. చివరికి హెడ్మాస్టరు స్టీవ్ కూడా వేలెత్తి, తన కొత్త టీచరు రోడ్డు మధ్యలో ఏం చేస్తోందో అర్థంకాక చూస్తూ పోయాడు.

"ఎదవ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా," అంది సుగుణ.

"మరి బుట్టండీ?"

"బుట్ట బుట్టే."

ఆ రోజు నుంచి సుగుణ కూడా వేలెత్తడం నేర్చుకుంది. ఎవరెదురైనా ఎత్తేది. తెల్ల యూట్ వచ్చినప్పుడు మాత్రం ముందు జడ సర్దుకుని తర్వాత ఎత్తేది. అతని ఇల్లు ఈ దారిన ఊరవతల ఎక్కడో ఉందనీ, సైలోకి డ్యూటీకి పోతున్నాడనీ అనుకునేది. పెళ్ళికాని పిల్ల, ఇల్లెక్కడని అడగలేదు.

ఆమె అద్దెకున్న ఇంటి యజమాని ఎవా, డెబ్బై దాటిన ఒంటరి మనిషి. తన పాత హోల్డెన్ కారు తాళాలు తెచ్చి బెన్‌హర్ చేతిలో పెట్టి, ఈ పిల్లకి డ్రైవింగ్ నేర్పమంది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఎవా వెనక సీట్లో ఊలు అల్లుకుంటూ కూర్చునేది. సుగుణ చేలల్లో కారు తిప్పేది.

"ముందుకి బానే పోతున్నారండీ. రివర్స్ చెయ్యండి."

"నాకు రివర్స్ గిట్టదు. మేం ముందుకే పోతాం."

"మా గోదారీ అంతేనండీ. కానీ దాన్ని పార్క్ చెయ్యక్కర్లేదు కదండీ."

పాఠం అయ్యాక ఉప్పు చెరువు గట్టున ఆగేవాళ్ళు. పొద్దు వాలితే ఆ నీళ్ళు గులాబీ రంగుకి తిరిగేవి. అదే రంగు పొట్టలున్న చిలకల గుంపు నెత్తిమీంచి పోయేది. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. సుగుణకి తానెక్కడుందో కూడా కాసేపు గుర్తుండేది కాదు. గుర్తొచ్చాక కూడా లేవాలనిపించేది కాదు. ఊళ్ళో అందరూ వానకోసం ఎదురుచూస్తున్నారు. ఆమె దేనికోసం చూస్తోందో ఆమెకి తెలుసు.

ఈస్టర్ ముందు ఆదివారం, ఆ గట్టునే చెప్పింది.

"రాయప్ప మామయ్య ఫోన్ చేశాడు. మెల్బోర్న్ క్లేటన్‌లో వాళ్ళ వీధి చివరి స్కూల్లో నాకు ఉద్యోగం చూశాడంట. ఈస్టర్ అయ్యాక వెళ్ళి సంతకం పెడితే చాలు. ఈ టర్మ్‌తో ఇక్కడ అయిపోయినట్టే."

బెన్‌హర్ చెరువు వైపు చూశాడు. "మంచి అవకాశమండీ."

"అంతేనా?"

"సిటీ కదండీ. మామయ్యగారూ దగ్గరే. ఇక్కడేముందండీ, దుమ్ము తప్ప."

సుగుణ గడ్డిపోచ ఒకటి తుంచింది. "రోజూ పొద్దున నాకెత్తే ఆ వేలు, అది కూడా అందరికీ ఎత్తేదేనా?"

ఆ మాట అడగడానికి ఆమెకి ఎంత ధైర్యం కావలసొచ్చిందో అతనికి తెలియదు. మొదటిరోజు తిన్న తిట్లు అతనికింకా అరగలేదు. వెళ్ళిపోయే పిల్లతో మళ్ళీ ఎదవ అనిపించుకోవడం ఎందుకనుకున్నాడు.

"అందరికీ ఎత్తేదేనండీ, ఆయ్."

మగవాళ్ళ మర్యాద ఒక్కోసారి ఇలాగే కొంపలు ముంచుతుంది.

ఈస్టర్ వెళ్ళిన శనివారం ఊరిమీద మబ్బు పట్టింది. సుగుణ పెట్టె కారులో ఎక్కింది. ఎవా పక్కసీట్లో కూర్చుని, "యూ డ్రైవ్. రైల్వే రోడ్డులో పోదాం," అంది.

"బస్సు స్టాపుకి అది చుట్టుదారి కదా?"

"ముసలిదాన్ని. నా మాట విను."

రైల్వే రోడ్డు సన్నగా ఉంది, రెండుపక్కలా కాలువలు. సైలో ఎదురుగా రేకుల ఇల్లు. గేటు లోపల తెల్ల యూట్. అరుగు మీద టీ కప్పుతో బెన్‌హర్, నిద్రలేని కళ్ళతో.

కారు చూసి లేచి నిలబడ్డాడు. ఒక్క వేలెత్తాడు. సుగుణా ఒక్క వేలెత్తింది. ఆపితే ఏడుస్తానేమోనని ఆపలేదు.

కాస్త దూరం పోయాక కారు అద్దంలోకి చూసింది. అద్దంలో అతని ఇల్లుంది. అదే అద్దంలో సైలో కూడా ఉంది. మధ్యలో ఈ రోడ్డు తప్ప ఏమీ లేదు. అక్కడ దగ్గితే ఇక్కడ వినపడుతుంది. బడేమో ఊరికి ఆ చివర.

కారు ఠక్కున ఆగింది.

"ఎవా, స్కూలు రోడ్డు చివర ఏముంది?"

"ఊరి చెత్తకుప్ప," అంది ఎవా ఊలు అల్లుతూ.

"మరి ఆయన రోజూ పొద్దున్నే అటెందుకొస్తారు?"

"ఆస్క్ హిమ్, డియర్. ఫిబ్రవరి నుంచీ ఊరంతా అదే అడుగుతోంది."

తిప్పడానికి చోటు లేదు. సుగుణ దేవుణ్ణి తలుచుకుని రివర్స్ గేరు వేసింది. హోల్డెన్ తాగినవాడిలా వంకర్లు తిరుగుతూ వెనక్కి వచ్చి, బెన్‌హర్ గేటుని గుద్ది ఆగింది. అతను టీ కప్పు పడేసి పరిగెత్తుకొచ్చాడు.

సుగుణ దిగింది. "మీ ఇల్లు ఇదా?"

"ఆయ్."

"ఆఫీసు అదా?"

"ఆయ్."

"మధ్యలోకి మా బడి ఎట్టా వచ్చింది?"

దుమ్ము మీద నాలుగు చినుకులు పడ్డాయి. బెన్‌హర్ తల గోక్కున్నాడు.

"మొదటిరోజు నిజంగానే చెత్త పారబొయ్యడానికొచ్చానండీ. మిమ్మల్ని చూశాను. తర్వాత రోజూ అంత చెత్త ఎక్కడ దొరుకుతుందండీ, ఖాళీ బండే తిప్పాను."

"మరి చెరువు దగ్గర అందరికీ ఎత్తేదే అన్నావే?" నువ్వులోకి దిగిపోయిన సంగతి ఆమెకి తెలియలేదు.

"వేలు అందరికేనండీ," అన్నాడు నెమ్మదిగా. "దారే మీది."

వాన అందుకుంది. ఎండిన నేల తడిసిన వాసన ఊరంతా లేచింది. ఎవా కిటికీ అద్దం ఎత్తుకుని, వాళ్ళని చూడనట్టు ఊలు అల్లుకుంటోంది.

"ఉండండీ," అన్నాడు బెన్‌హర్. "మిమ్మల్ని వెళ్ళమన్న దగ్గర్నించీ నాకు నిద్రపట్టడం లేదండీ. దుమ్ములోనే ఉండండీ, నాతో."

సుగుణ కళ్ళు తుడుచుకుంది. వాన మళ్ళీ తడిపింది. "ఆ మాట గట్టు మీదే అనుంటే, గేటు మిగిలేది కదా," అంది.

సాయంత్రం ఎవా ఇంట్లోంచి ఫోన్ చేసింది. రాయప్ప మామయ్య అంతా విని, "ఏ మిషన్ వాళ్ళమ్మా?" అన్నాడు. మన చర్చి కాదని చెప్పింది. మామయ్య ఒకసారి దగ్గాడు.

"బస్సెక్కినదానివి దిగావా, ఎక్కకుండానే ఆగావా?"

"ఎక్కనే లేదు మామయ్యా. కారు రివర్స్ చేసుకుని వచ్చా."

"నువ్వా? రివర్సా?" మామయ్య నవ్వాడు. "అయితే పిల్లవాడు గట్టివాడే. వచ్చే నెల నేనూ మీ అత్తా వస్తాం. ఆ ఊరికి దారెటో చెప్పమను."

సెలవులైపోయాక మొదటిరోజు పొద్దున స్కూలు రోడ్డు మీద తెల్ల యూట్ ఎదురొచ్చింది. వానకి అద్దం మీది దుమ్మంతా కడుక్కుపోయి లోపలి మనిషి స్పష్టంగా కనపడుతున్నాడు. సుగుణ జడ సర్దుకుని, ఒక్క వేలెత్తింది. బెన్‌హర్ వేలెత్తలేదు. బండి ఆపి, ఇవతలి తలుపు తెరిచాడు.